విడాకుల దారిలో చట్టం - 4వ పాఠం: చెరువు ఆదాయం కాగితం మీదికి

పిటిషన్ ఎక్కడ వేయాలో పోయిన పాఠంలో చూశాం. భార్య వేసేదైతే తానిప్పుడు ఉంటున్న ఊరి పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు, అత్తవారి ఊరి దాకా తిరగక్కర్లేదు అనుకున్నాం. ఈసారి మనోవర్తి. ఈ మాట రాగానే అందరూ "ఎంత వస్తుందండీ?" అనే అడుగుతారు. అంతకంటే ముందు తేలాల్సింది, భర్త సంపాదన ఎంతో కోర్టుకు ఎలా తెలుస్తుందన్నది.

ఉద్యోగస్థుడైతే పే స్లిప్ ఉంటుంది. మన గోదావరి వైపు చిక్కంతా చేపల, రొయ్యల చెరువులు, కొబ్బరితోటలతోనే. ఆకివీడు వైపు ఒకావిడ సంగతి చెబుతాను. సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయికి పన్నెండెకరాల చెరువులు" అన్నారట. కేసు పడ్డాక అదే అబ్బాయి "నాకేమీ లేదు, మా నాన్నే తిండి పెడుతున్నాడు" అన్నాడట. పెళ్లిచూపుల నాటి చెరువు కోర్టు మెట్లెక్కేసరికి ఎండిపోయింది!

ఇలాంటి ఆటలు కట్టించడానికే 2020లో రజనేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ (ప్రమాణపత్రం) వేయాలి. భర్త ఒక్కడే కాదు, ఇద్దరూ. మీరు ఇంట్లో జాకెట్లు కుడుతుంటే అదీ రాయాల్సిందే. అవతలివాళ్లు తమ జవాబుతో పాటు నాలుగు వారాల్లోపు దాఖలు చేయాలి. వ్యవసాయం మీద బతికేవాళ్లకు వేరే నమూనా ఉంది. భూమి ఎంత, పల్లమా మెట్టా, ఏ పంట, పశువులు, కోళ్లు, చేపలు, వాటి మీద ఎంత వస్తుంది, అన్నీ అందులో అడుగుతారు.

ఆయన అఫిడవిట్ కాపీ చేతికొచ్చాక అసలు పని మొదలు. సొంత భూమైతే సులువే, అడంగల్ (సాగు ఎవరిదో చూపే రికార్డు), 1బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపేది), ఈసీ (ఆ భూమి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపేది) తీసి పోల్చుకోవచ్చు. కౌలు చెరువుతోనే తంటా. చాలాచోట్ల కౌలు నోటిమాట మీదే నడుస్తుంది, రికార్డులో ఆయన పేరే కనపడకపోవచ్చు. అప్పుడు నీళ్లకేసి కాదు, గట్టుకేసి చూడాలి. ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రాల) కరెంటు మీటరు ఎవరి పేరున ఉంది? మేత బస్తాల అప్పు ఖాతా ఎవరిది? పట్టుబడి నాడు, అంటే చెరువులో సరుకు పట్టి అమ్మిన రోజు, తూకం చీటీ ఎవరి పేరున రాశారు, ఆ వారం ఎవరి బ్యాంకు ఖాతాలో డబ్బు పడింది? ఈ కాగితాలు మీ దగ్గర లేకపోయినా ఫర్వాలేదు. అవి ఉన్నాయని తెలిస్తే చాలు, కోర్టులో పెట్టించమని మీ లాయరు అడగగలరు. అబద్ధపు అఫిడవిట్ అని తేలితే కోర్టు చర్య తీసుకోవచ్చు.

మీరూ ఎక్కువ చేసి చెప్పకండి. ఒక పంట బాగా వచ్చిందని ఏడాదంతా అదే లెక్క కడితే, వైట్ స్పాట్ (రొయ్యలకు వచ్చే తెల్లమచ్చ తెగులు) తగిలి పోయిన పంట బిల్లులు అవతలి లాయరు బయటపెడతాడు. ఆ తర్వాత మీరు చెప్పిన నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. కోనసీమ తోటలకూ ఇంతే. ఏడాదికి ఎన్ని దింపులు, దింపుకు ఎన్ని కాయలు, ఆనాటి ధర ఎంత, అంతవరకే.

మనోవర్తిని దరఖాస్తు వేసిన రోజు నుంచి లెక్కగట్టాలని అదే తీర్పు చెప్పింది. కాబట్టి పెద్దమనుషుల పంచాయితీ తేలేదాకా ఆగుదాం అనుకుంటే ఆ నెలలు పోయినట్టే. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, 15100కు ఫోన్ చేయండి.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కులో మీకు గుర్తున్న చివరి రెండు పట్టుబడులు రాయండి. ఏ నెల, ఎన్ని టన్నులు, ఎంత కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), కొన్నదెవరు. తారీఖు గుర్తు లేకపోతే "సంక్రాంతికి ముందు, పాపకు జ్వరం వచ్చిన వారం" అని రాసినా సరే, తారీఖు తర్వాత దొరుకుతుంది.