తెలుగు గొంతుతో పరిత్త పాఠం – 3: మంగల సుత్తం, గురులఘువుల లెక్క

పరిత్తం అంటే రక్షణ కోరి చెప్పుకునే పాళీ బౌద్ధ పాఠం. తిసరణం (మూడు శరణాలు), పంచసీలం (అయిదు శీలాలు) గత రెండు పాఠాల్లో పూర్తయ్యాయి. ఈసారి మంగల సుత్తం. పాళీ బౌద్ధ గ్రంథాల్లో ఇది ఖుద్దకపాఠంలో అయిదోది, సుత్తనిపాతం చూళవగ్గంలో నాలుగోది. ముందు చిన్న వచనం, తర్వాత పన్నెండు గాథలు. గాథకు నాలుగేసి పాదాల చొప్పున మొత్తం 48 పాదాలు. నిదానంగా చెప్పినా గాథల భాగం మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. శ్రీలంకలోనూ బర్మాలోనూ పరిత్తం చెప్పించే చోట రతన, మెత్త సుత్తాలతో పాటు వినిపించేది ఇదే.

విశాఖలో తొట్లకొండ మీదో బావికొండ మీదో నలుగురు కలిసి వందన చెప్పుకున్నప్పుడు గొంతులు కలవకపోవడానికి ఎక్కువసార్లు కారణం రాగం కాదు, అక్షరాల కొలత. ఒకరు దీర్ఘం తీస్తారు, ఇంకొకరు సంధి చేస్తారు, మూడో గాథకల్లా తలో దారీ పడుతుంది. బడిలో పద్యాలకు గణవిభజన చేసినవారికి దీన్ని సరిదిద్దుకునే సాధనం చేతిలోనే ఉంది. పాళీ గాథకూ గురువు గురువే, లఘువు లఘువే.

రూళ్ళ నోటుపుస్తకం తీసుకుని పాదానికొక గీత చొప్పున రాయండి. పైన ఒక గీత ఖాళీగా వదలండి, గురులఘువులు అక్కడ పెన్సిలుతో పెట్టాలి. రెండో గాథతో మొదలుపెడదాం, ఇది లెక్కకు నిక్కచ్చిగా నిలుస్తుంది:

అసేవనా చ బాలానం,
పండితానంచ సేవనా;
పూజా చ పూజనెయ్యానం,
ఏతం మంగలముత్తమం.

మొదటి పాదం: ల గు ల గు, ల గు గు గు. రెండోది: గు ల గు గు, ల గు ల గు. భగవద్గీత శ్లోకాలు నోటికి వచ్చినవారు ఈ నడకను వెంటనే పట్టేస్తారు, ఇది అనుష్టుప్పే. అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు. ఏడోది బేసి పాదంలో గురువు, సరి పాదంలో లఘువు. చివరి అక్షరం ఏదైనా ఫర్వాలేదు. మిగతా గాథలన్నిటికీ ఇలాగే గుర్తులు పెట్టండి. ఒకటి, మూడు, ఎనిమిది, పన్నెండు గాథల మూడో పాదంలోనూ, తొమ్మిదో గాథ మొదటి పాదంలోనూ ఈ లెక్క తప్పుతుంది. అయిదూ బేసి పాదాలే, అక్కడ ఇలాంటి మార్పు ఛందస్సు ఒప్పుకున్నదే. సరి పాదాల్లో మాత్రం లెక్క తప్పిందంటే మీరు రాసుకోవడంలోనే ఏదో పోయింది. ఒక్క చివరి గాథ నాలుగో పాదమే మినహాయింపు, దాని సంగతీ, తొమ్మిది అక్షరాలు తేలే మిగతా పాదాల సంగతీ కింద ఉన్నాయి.

ఇక అసలు చిక్కు. లెక్కపెడుతూ పోతే ఆరు పాదాల్లో ఎనిమిదికి బదులు తొమ్మిది అక్షరాలు తేలతాయి. చాలామంది ఇక్కడ అచ్చుతప్పు అనుకుని ఒక అక్షరం కొట్టేస్తారు. కొట్టకండి. పదో గాథ చూడండి:

తపో చ బ్రహ్మచరియంచ,
అరియసచ్చాన దస్సనం;
నిబ్బానసచ్ఛికిరియా చ,
ఏతం మంగలముత్తమం.

మొదటి మూడు పాదాలూ తొమ్మిదేసి. 'చరియ'లో 'చరి', 'అరియ'లో 'అరి', 'కిరియా'లో 'కిరి' చూడండి, అన్నీ రెండేసి లఘువులు. ఆ జంట కాలం ఒక గురువంత. జంటను ఒకే గురువుగా లెక్కవేస్తే మూడు పాదాలూ ఎనిమిదికి దిగుతాయి, అయిదు, ఆరు, ఏడు స్థానాల నియమమూ పొల్లుపోకుండా కుదురుతుంది. నోటితో చేయాల్సింది కూడా అదే: రెండు అక్షరాలూ పలకండి, కానీ వేలితో తాళం వేస్తూ ఒక గురువు కాలంలోనే ముగించండి. సంస్కృతం అలవాటున్నవారు 'ఆర్యసచ్చాన' అనేస్తారు. కొలత కుదురుతుంది గానీ పాఠం మారిపోతుంది, పక్కవారి గొంతుతో కలవదు. ఆరో గాథలో 'ధమ్మచరియా', మూడో గాథ మొదట్లో 'పతిరూప' కూడా ఈ కోవవే ('పతి' ఒక గురువు). తొమ్మిదక్షరాల ఆరు పాదాల్లో మిగిలిన ఒక్కటి చివరి గాథలోని 'తం తేసం మంగలముత్తమం'. ఇక్కడ కుదించడానికి లఘువుల జంట లేదు. తొమ్మిదీ తొమ్మిదిగానే, తొందర లేకుండా చెప్పాలి. ముగింపు పాదం కాబట్టి ఆ నిదానం వినడానికీ బాగుంటుంది.

రెండో తప్పు సంధి. అయిదో గాథ 'మాతాపితు ఉపట్ఠానం' అని మొదలవుతుంది. 'తు' పక్కన 'ఉ' కనిపించగానే మన నోరు సవర్ణదీర్ఘం చేసి 'పితూప' అంటుంది, ఎనిమిది కాస్తా ఏడవుతాయి. మొదటి గాథలో 'మంగలాని అచింతయుం' దగ్గర 'మంగలానియచింతయుం' అని యడాగమం చొరబడుతుంది. ఇక్కడ అక్షరాల సంఖ్య మారదు, అందుకే లెక్కకు దొరకదు, చెవితో పట్టుకోవాల్సిందే. రెండు చోట్లా మాటల మధ్య ఎర్ర సిరాతో ఒక గీత పెట్టుకోండి. పాఠంలో ఉన్న సంధిని ఉన్నట్టే చెప్పండి ('సబ్బత్థమపరాజితా'), లేనిదాన్ని కలపకండి.

ఎ, ఒ ల విషయంలో తెలుగు లిపిది పైచేయి. దేవనాగరిలో పాళీ హ్రస్వానికి వేరే గుర్తు లేదు, మనకు ఉంది. ద్విత్వానికో సంయుక్తానికో ముందు వస్తే హ్రస్వం, లేకపోతే దీర్ఘం: దేవా, సేవనా, ఏతం, కానీ పూజనెయ్యానం, సొత్థానం, మెత్త. దేవనాగరి నుంచి యంత్రంతో మార్చిన తెలుగు పాఠాల్లో ఇవి 'పూజనేయ్యానం', 'సోత్థానం' అని పడతాయి. రాసుకునేటప్పుడే సరిచేయండి. ఎలా రాసినా అది గురువే కదా అనిపించవచ్చు. నిజమే, కానీ దీర్ఘం తీసి ఆపై ద్విత్వం కూడా పలికితే ఆ అక్షరం మూడు మాత్రలకు సాగుతుంది, గుంపులో మీరొక్కరే వెనకబడతారు.

ఉచ్చారణలో కొన్ని సంగతులు. పాదం చివరి సున్నాకు పెదవులు మూయకండి. 'ఉత్తమం' అన్నది 'ఉత్తమమ్' కాకూడదు, 'ఉత్తమము' అసలే కాకూడదు. 'అంగం' అనే మాటలో మొదటి సున్నా పలికే చోటే నాలుక ఉంచి, గాలిని ముక్కుగుండా వదలండి. 'పుఞ్ఞ', 'కతఞ్ఞుతా', 'అఞ్ఞతరా' లను జ్ఞానంలోని 'జ్ఞ'లా పలకకూడదు. 'అంజలి'లో సున్నా దగ్గర ఆగి, జకారంలోకి పోకుండా ఆ ధ్వనినే ఒత్తి పలికితే ఞ్ఞ వస్తుంది. మన ఉత్తరాంధ్ర మాటలో ణకారం తేలిగ్గా నకారం అవుతుంది. 'సమణానంచ', 'పణిధి' దగ్గర నాలుక వెనక్కి మడవాలి. ఇక్కడి మాట 'మంగల', మన మంగళంలోని ళ కాదు. అన్నిటికంటే ముఖ్యం ఒత్తులు. 'సత్తా' అంటే ప్రాణులు, 'సత్థా' అంటే శాస్త, బోధించే గురువు. ఒత్తు తేలిపోతే 'సత్థా దేవమనుస్సానం' అన్న బుద్ధగుణం అర్థమే మారిపోతుంది. కొండమీద సముద్రపు గాలికి మొదట కొట్టుకుపోయేవి ఈ ఒత్తులే కాబట్టి, గుంపుగా చెప్పేటప్పుడు గాలికి వీపు పెట్టి, ముందు చెప్పేవారికి చెవులు అందేంత దగ్గరగా కూర్చోండి.

అర్థం తెలియకుండా చెప్పడాన్ని ఈ పాఠాల్లో ప్రోత్సహించం. పరిత్తం కొందరిని కాపాడకపోవడానికి మిలిందపఞ్హ (మిలింద రాజు ప్రశ్నలకు నాగసేన భిక్షువు జవాబుల పుస్తకం) మూడు కారణాలు చెబుతుంది: కర్మ అడ్డు, క్లేశాల అడ్డు, నమ్మకం లేకపోవడం. మంగల సుత్తం ఏ దేవతనూ ఆవాహన చేయదు, చేయాల్సిన పనులు చెబుతుంది. ఏ పనులో తెలియని నమ్మకానికి నిలబడే చోటు ఉండదు. అందుకని పాళీ పన్నెండు గాథలూ ఆపకుండా చెప్పి, తర్వాత తెలుగు మొత్తం చదవండి. గాథకొకసారి భాష మారిస్తే పాళీ నడక తెగిపోతుంది. నాలుగో గాథకు తెలుగు ఇలా ఉండవచ్చు:

విరివిగా నేర్చిన చదువు, చేతికి వచ్చిన పని,
చక్కగా అలవడిన క్రమశిక్షణ,
మంచిగా పలికిన మాట –
ఇదే ఉత్తమ మంగళం.

తెలిసిన మాటల్లా కనిపించేవే ఇక్కడ దారి తప్పిస్తాయి. రెండో గాథలో బాలులంటే పిల్లలు కారు, అవివేకులు. 'బాహుసచ్చం' అనేక సత్యాలు కాదు, విస్తారమైన చదువు. 'సిప్పం' శిల్పకళ ఒక్కటే కాదు, ఏ వృత్తి నేర్పైనా. 'వినయో' అణకువ కాదు, శిక్షణ. మీ అనువాదాన్ని సరిచూసుకోవడానికి సంప్రదాయం చెప్పే 38 మంగళాల లెక్క అక్కరకొస్తుంది. రెండో గాథ నుంచి పదకొండో గాథ వరకు వరసగా 3, 3, 4, 4, 4, 3, 5, 4, 4, 4. అయిదో గాథలో తల్లిదండ్రుల సేవ ఒకటి, బిడ్డల పోషణ ఒకటి, భార్య పోషణ ఒకటి, చిక్కుల్లేని వృత్తి ఒకటి అని పట్టాలి. మీ తెలుగులో ఏ గాథకైనా సంఖ్య తగ్గితే రెండు మంగళాలు ఒకదాంట్లో కలిసిపోయాయన్నమాట.

వారం రోజుల సాధన: మొదటి రెండు రోజులు రాయడం, గుర్తులు పెట్టడం. తర్వాతి మూడు రోజులు రోజుకు నాలుగు గాథలు, రెండేసి పాదాలు ఒక ఊపిరిలో, లఘువుకు ఒక తట్టు, గురువుకు రెండు. ఆరో రోజు ఫోన్లో రికార్డు చేసి, పుస్తకం ఎదురుగా పెట్టుకుని ఒత్తులూ సున్నాలూ మాత్రమే వినండి. అన్నీ ఒకేసారి వినబోతే ఏదీ దొరకదు. ఏడో రోజు 'ఏవం మే సుతం' అన్న వచనంతో కలిపి మొత్తం చెప్పండి. వచనానికి తాళం లేదు, మాటల పొందికను బట్టి ఆగితే చాలు.

వచ్చే పాఠం రతన సుత్తం: 17 గాథలు, ఎక్కువ పాదాలకు పదకొండు అక్షరాలు. ఈలోగా 'ఏతేన సచ్చేన సువత్థి హోతు' అన్న పాదానికి గురులఘువులు పెట్టి తెండి. త, త, జ గణాలూ రెండు గురువులూ తేలితే అది ఇంద్రవజ్ర. పాఠం అక్కడ మొదలవుతుంది.