జాతీయ విషాదంలో పోయినవాళ్ల కోసం పాట కట్టడం ఎలా?

దేశాన్ని కుదిపేసే ప్రమాదమో, దాడో జరిగితే మర్నాటికల్లా యూట్యూబ్‌లో నివాళి పాటలు వచ్చేస్తాయి. అన్నిట్లోనూ అదే వయొలిన్, అదే వర్షం చప్పుడు, అదే కొవ్వొత్తి బొమ్మ. చేసినవాళ్ల మనసు మంచిదే. కానీ పోయింది ఎవరో ఆ పాట వింటే తెలియదు. ఏ విషాదానికి అతికించినా అతుక్కుంటుంది. అలా కాకుండా ఆ మనుషులదే అనిపించే పాట కట్టడం గురించి ఇది.

1. మొదటి వారం ఏమీ విడుదల చేయకండి

అప్పటికి మృతుల లెక్కే తేలదు. కొందరి ఇళ్లలో ఇంకా వెతుకుతూనే ఉంటారు. బాణీ ఏదైనా తడితే ఫోన్‌లో కూనిరాగం తీసి దాచుకోండి, చాలు. 2001 సెప్టెంబర్ 11 దాడుల్లో పోయినవారి కోసం అమెరికన్ స్వరకర్త జాన్ ఆడమ్స్ రాసిన 'ఆన్ ది ట్రాన్స్‌మైగ్రేషన్ ఆఫ్ సోల్స్' ఏడాది దాటాక, 2002 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో మొదటిసారి వినిపించింది.

2. మాటలు సొంతంగా పుట్టించే ముందు వినండి

ఆడమ్స్ కొత్తగా కవిత్వం రాయించలేదు. పోయినవారి పేర్లు చదివించి రికార్డ్ చేశాడు, ఇంటివాళ్లు గోడలకి అంటించిన 'కనబడుటలేదు' పోస్టర్లలోని మాటలు తీసుకుని గాయకబృందం చేత పాడించాడు. మీరూ అదే దారి పట్టొచ్చు. కుటుంబసభ్యులు మాట్లాడటానికి ఇష్టపడితేనే కలవండి. ఎలా చనిపోయారని అడగొద్దు. ఇంట్లో ఏమని పిలిచేవారు, బయల్దేరేటప్పుడు ఏమన్నారు, ఏ పాట పాడుకునేవారు అని అడగండి. వాళ్లు చెప్పింది పాటలో వాడుకుంటామని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోండి. వద్దంటే మళ్లీ అడగకండి.

3. సాహిత్యం

ఎక్కువ పాటలు పాడయ్యేది ఇక్కడే. మొదటిసారి కూర్చుంటే ఎవరి కలం నుంచైనా ఇలాంటిదే వస్తుంది:

కన్నీటి సంద్రమైంది నా దేశం
ఆరిపోయాయి ఎన్నెన్నో దీపాలు

తప్పేం లేదు, కానీ ఇందులో మనిషి లేడు. ఇప్పుడు ఒక తల్లి మీతో ఇలా చెప్పిందనుకోండి: "గడియ పెట్టుకో, రాత్రవుతుంది అని వెళ్లాడు." అప్పుడు పాట ఇలా మొదలవుతుంది:

గడియ పెట్టుకోమన్నావు, రాత్రవుతుందన్నావు
గడియ పెట్టలేదు ఇంకా

కన్నీరు అన్న మాట లేదు, చావు అన్న మాట లేదు. తలుపు మాత్రం తెరిచే ఉంది. ఇక్కడ చేయి ఊరుకోదు, 'అమ్మ గుండె చెరువై' అని మూడో పాదం చేర్చమంటుంది. చేర్చకండి. దోషుల మీద కోపం కూడా ఈ పాటలోకి రానివ్వకండి, దానికి వేరే పాట కట్టుకోవచ్చు. అది ఇంకా గట్టిగానే కట్టండి.

4. బాణీ

అందరూ కలిసి పాడాలంటే రాగం ఒక స్థాయి (స నుంచి పై స వరకు) దాటకూడదు. గొంతు వణుకుతున్నవాళ్లు తారస్థాయి అందుకోలేరు. శివరంజని రాగం ఎత్తుకుంటే చాలు, వినేవాళ్ల కళ్లు చెమ్మగిల్లుతాయి. అందుకే నాకు దాని మీద కొంచెం అనుమానం. ఏడిపించడం తేలిక.

అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ 'అడాజియో ఫర్ స్ట్రింగ్స్' ఎవరి మరణం కోసమూ రాసింది కాదు. 1936లో రాసిన ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌ (నాలుగు తీగవాద్యాల కృతి)లోని నెమ్మదైన భాగం అది. అయినా సంతాప సభల్లో దాన్నే వాయిస్తుంటారు. అందులో రాగం ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయి, పతాకస్థాయికి చేరాక ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం తర్వాతే మళ్లీ మొదలవుతుంది. మీ పాటలోనూ ఒకచోట నాలుగైదు సెకన్లు ఏమీ వినిపించకుండా వదిలి చూడండి. తంబురా కూడా ఉండొద్దు.

5. పేర్లు చదివించాలంటే

ముందు లెక్క వేసుకోండి. నిమిషానికి 60 దెబ్బల లయలో పేరుకి నాలుగు దెబ్బలు ఇస్తే, ఒక్కో పేరుకి నాలుగు సెకన్లు. 40 పేర్లకి 2 నిమిషాల 40 సెకన్లు పడుతుంది. వందలమంది అయితే పాటలో పట్టవు. అప్పుడు కొందర్నే ఎంచుకోవడం కన్నా పేర్లన్నీ వేరే భాగంగా చదివించడం న్యాయం. ఉచ్చారణ ఇంటివాళ్ల నోటితోనే రికార్డ్ చేసుకుని, చదివేవాళ్లకి వినిపించండి.

6. రికార్డింగ్

ఖరీదైన స్టూడియో అక్కర్లేదు. ఫ్యాన్ ఆపి, మందపాటి కర్టెన్లున్న గదిలో పాడించండి. ఆటోట్యూన్ (శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్) వద్దు, ఊపిరి తీసుకున్న శబ్దాన్ని చెరపొద్దు. సైరన్లు, పేలుళ్లు, ఆనాటి ఫోన్ కాల్స్ కలపాలన్న ఆలోచన వస్తుంది. ప్రాణాలతో బయటపడ్డవాళ్లు కూడా ఈ పాట వింటారు కదా, వాళ్లని మళ్లీ అక్కడికే తీసుకెళ్లొద్దు.

7. విడుదల

ముఖచిత్రం దగ్గర కూడా అంతే జాగ్రత్త కావాలి. 2011లో అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్ 'డబ్ల్యూటీసీ 9/11' ఆల్బమ్‌కి విమానం వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్ వైపు వస్తున్న ఫోటో పెట్టారు. విమర్శలు రావడంతో దాన్ని మార్చాల్సి వచ్చింది.

విరాళాలు సేకరిస్తుంటే డబ్బు ఏ ఖాతాకి, ఎలా వెళుతుందో పాట రాకముందే కాగితం మీద తేల్చుకోండి. 1971 ఆగస్టు 1న సితార్ విద్వాంసుడు రవిశంకర్, బీటిల్స్ బృందపు జార్జ్ హారిసన్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టారు. పన్ను మినహాయింపు ముందే ఏర్పాటు చేసుకోలేదు. దాంతో ఆల్బమ్ మీద వచ్చిన డబ్బు అమెరికాలో పన్నుల గొడవల్లో చిక్కుకుని ఏళ్ల తరబడి ఆగింది.

మొదట కుటుంబాలకి వినిపించండి. చప్పట్లు వద్దని ముందే చెబితే వాళ్లకీ ఇబ్బంది ఉండదు. మీరు వెనక వరుసలో కూర్చోండి.

ఇంకొక్క పని. పేర్ల ట్రాక్‌ని సంగీతంతో కలిపేయకుండా విడి ఫైల్‌గా దాచండి. ఏడాది తర్వాత ఎవరైనా ఫోన్ చేసి "మా నాన్న పేరు తప్పు పలికారండీ" అంటే, ఆ ఒక్క పేరు మళ్లీ చదివించి, పాత ఫైల్ తీసేసి కొత్తది పెట్టొచ్చు.