కండిషనర్ కొనే ముందు లేబుల్ చదవడం ఎలా

కండిషనర్ కొనేటప్పుడు సీసా ముందువైపు ఊరించే ఆర్గాన్ నూనె, కెరటిన్ ప్రోటీన్ వంటి పేర్లను పక్కనపెట్టి, వెనుకనున్న పదార్థాల జాబితా చదవాలి. ఎక్కువ పాళ్లలో కలిపినవి అందులో ముందుంటాయి. ఒక శాతానికి లోబడినవాటిని మాత్రం తయారీదారు తనకు నచ్చిన వరుసలో రాసుకోవచ్చు.

నీటి తరువాత సాధారణంగా సెటైల్ ఆల్కహాల్, సెటియరైల్ ఆల్కహాల్ కనిపిస్తాయి. పేరు చూసి జుట్టు ఎండిపోతుందని బెదరనక్కరలేదు. ఇవి స్పిరిట్ వంటివి కావు, మైనంలా ఉండి వెంట్రుకను మెత్తబరిచే పదార్థాలు. అసలు పని చేసేవి బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్, సెట్రిమోనియం క్లోరైడ్ వంటివి. రంగులకూ, వేడికీ దెబ్బతిన్న వెంట్రుక పైపొరలో ఋణావేశం ఎక్కువగా ఉంటుంది కనుక, ధనావేశం గల ఈ పదార్థాలు సరిగ్గా అక్కడే ఎక్కువగా అంటుకొని, కడిగినా కొంత నిలిచి, దువ్వేటప్పుడు రాపిడిని తగ్గిస్తాయి. డైమెథికోన్ అనే సిలికోన్ వెంట్రుక పైన పలుచని పొరగా నిలిచి మెరుపునిస్తుంది. హానికరమన్న ప్రచారానికి తగిన ఆధారం లేదు గానీ, సన్నని జుట్టును అణగ్గొడుతుంది.

భద్రత విషయంలో పేరుకన్నా మోతాదూ, ఒంటిమీద ఉండే సమయమూ ముఖ్యం. యూరోపియన్ యూనియన్ నిబంధనలలో బెహెన్‌ట్రైమోనియం క్లోరైడ్‌కు కడిగేసే జుట్టు ఉత్పత్తులలో 5 శాతం, కడగకుండా వదిలేసేవాటిలో 3 శాతం పరిమితి ఉన్నది. నిల్వ కోసం కలిపే మిథైల్ఐసోథయజోలినోన్ అలర్జీ తెప్పించగలదు. అక్కడ దీనిని వదిలేసేవాటిలో నిషేధించి, కడిగేసేవాటిలో 0.0015 శాతానికి పరిమితం చేశారు. నేనైతే సీరం, లీవ్-ఇన్ (కడగకుండా వదిలేసే) క్రీముల లేబుల్‌నే ఎక్కువ జాగ్రత్తగా చదువుతాను. అలాగని కడిగేసేది ఏదైనా నిరపాయమని కాదు: జపాన్‌లో జలవిశ్లేషిత గోధుమ ప్రోటీన్ (చిన్న ముక్కలుగా విడగొట్టినది, లేబుల్‌పై హైడ్రొలైజ్డ్ వీట్ ప్రోటీన్) కలిసిన ముఖపు సబ్బు వాడిన కొందరికి, తరువాత గోధుమ వంటకాలు తిన్నా అలర్జీ వచ్చింది. గోధుమ పడనివారు ఆ పదార్థమున్న కండిషనర్‌ను కొనకపోవడమే మేలు.

లీవ్-ఇన్ క్రీమును మోచేయి మడతలో రోజుకు రెండుసార్లు చొప్పున వారం పాటు రాసి చూడాలి. దురద, ఎర్రదనం వస్తే ఆపి, చర్మవైద్యుని సంప్రదించాలి. కడిగేసే కండిషనర్‌ను మాత్రం రాత్రంతా ఉంచి పరీక్షించకూడదు. అంతసేపు ఉంచితే మామూలు చర్మమూ మండవచ్చు.

షాంపూ తరువాత నీళ్లు పిండి, కండిషనర్‌ను మాడుకు కాక జుట్టు నడుమ నుండి కొసల దాకా పట్టించి, వేళ్లతో చిక్కు విడదీసి, రెండు మూడు నిమిషాల తరువాత కళ్లలో పడకుండా కడగాలి. నుదుటి మీదా, మెడ మీదా మిగిలితే మొటిమలు రావచ్చు. తలస్నానానికి ముందు పెట్టే కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుంది. ఆ అలవాటు ఉన్నవారు దానిని మానక్కరలేదు, అయితే షాంపూ తరువాత పడే చిక్కుకు కండిషనర్ వేరుగా కావలసిందే.