కోయాక్సియల్ కేబుల్‌కి సరైన కనెక్టర్ ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి?

మర ఎక్కింది కదా అని కనెక్షన్ కుదిరిపోయిందనుకోకండి, ఈ ఒక్క మాట నాకు ముందే ఎవరైనా చెప్పుంటే రెండు వారాలు కలిసొచ్చేవి. 4జీ రౌటర్‌కి బయట పెట్టే యాంటెన్నా కొన్నాను, దాని నట్టు రౌటర్ వెనకాల చక్కగా తిరిగింది, గట్టిగా కూర్చుంది, సిగ్నల్ మాత్రం ఒక్క గీత కూడా పెరగలేదు. సెట్టింగులు మార్చాను, సిమ్ మార్చాను, యాంటెన్నాని ఇల్లంతా తిప్పాను. చివరికి ఒకరోజు నట్టు విప్పేసి టార్చ్ వేసి చూస్తే రౌటర్ పోర్ట్ మధ్యలో చిన్న కన్నం, యాంటెన్నా నట్టు మధ్యలో కూడా కన్నమే. రెండు వైపులా కన్నాలే ఉంటే ఇంక పిన్ను ఎక్కడుంది, సిగ్నల్ ఎలా దాటుతుంది? అది వైఫై కోసం చేసిన ఆర్‌పీ-ఎస్ఎంఏ యాంటెన్నా, నా రౌటర్‌కి కావలసింది మామూలు ఎస్ఎంఏ. ఎస్ఎంఏ అంటే చిన్న మర కనెక్టర్, ఆర్‌పీ రకంలో మర అదే, మధ్యలో పిన్ను, కన్నం తారుమారు.

అందుకే కనెక్టర్ కొనేముందు ఏమేం చూసుకోవాలో, కొన్నాక కేబుల్‌కి ఎలా ఎక్కించాలో వరసగా రాస్తున్నాను.

1. ముందు కేబుల్ మీద ఏం రాసుందో చదవండి

కోయాక్సియల్ కేబుల్ అంటే మధ్యలో ఒక తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్, దానిపైన షీల్డ్ అనే లోహపు పొర, అన్నిటికీ పైన తొక్క. ఆ పైతొక్క మీద చిన్న అక్షరాల్లో పేరు ప్రింట్ చేసి ఉంటుంది. ఆర్‌జీ-58, ఆర్‌జీ-213, ఆర్‌జీ-174, ఎల్ఎంఆర్-400 అని ఉంటే అది 50 ఓమ్స్ కేబుల్. ఆర్‌జీ-59, ఆర్‌జీ-6, ఆర్‌జీ-11 అని ఉంటే 75 ఓమ్స్. ఈ ఓమ్స్ అంటే మల్టీమీటర్ పెట్టి కొలిచే రెసిస్టెన్స్ కాదు, ఇంపెడెన్స్, అంటే కేబుల్‌లో వెళ్లే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డు, లోపలి తీగ ఎంత లావు, బయటి షీల్డ్ ఎంత వెడల్పు, మధ్యలో ఏ ప్లాస్టిక్ ఉంది అనేదాన్ని బట్టి వస్తుంది. మధ్యలో గాలే ఉన్న కేబుల్ తీసుకుంటే సిగ్నల్ అతి తక్కువగా తగ్గేది 77 ఓమ్స్ దగ్గర, ఎక్కువ పవర్ మోసేది 30 ఓమ్స్ దగ్గర. ట్రాన్స్‌మిటర్లకి రెండూ కావాలి కాబట్టి మధ్యే మార్గంగా 50 స్థిరపడింది, టీవీలాగా సిగ్నల్ అందుకోవడమే పనైన చోట పవర్‌తో అవసరం లేదు కాబట్టి 75 నిలబడిపోయింది.

50 దానికి 75 ది కలిపితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. ఆ అతుకు దగ్గర పవర్‌లో సుమారు 4 శాతం వెనక్కి తిరిగొస్తుంది, అంతే. టీవీ చూడ్డానికి, రేడియో వినడానికి అదేం పెద్ద విషయం కాదు, కంగారు పడక్కర్లేదు. కానీ ట్రాన్స్‌మిటర్ దగ్గర, కొలతలు తీసేచోట అలా కలపొద్దు.

2. ఏ పనికి ఏ కనెక్టర్ అనేది తేల్చుకోండి

పేర్లు చూసి బెదిరిపోవద్దు. కనెక్టర్ ఎలా లాక్ అవుతుందో చూస్తే సగం తెలిసిపోతుంది: కొన్ని మర తిప్పితే బిగుస్తాయి, కొన్ని నొక్కి పావు చుట్టు తిప్పితే పడతాయి, కొన్ని ఊరికే టిక్కుమని నొక్కుకుంటాయి.

నొక్కి పావు చుట్టు తిప్పేది బీఎన్‌సీ. ఆ పేరులో బీ అంటే బయోనెట్ (నొక్కి తిప్పే లాక్), ఎన్ అంటే బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన పాల్ నీల్, సీ అంటే ఆంఫెనాల్ కంపెనీలో పనిచేసిన కార్ల్ కాన్సెల్‌మన్. ఆసిలోస్కోపుల (సిగ్నల్‌ని తెర మీద గీతగా చూపే పరికరాల) మీద, సీసీటీవీ కెమెరాల వెనక, స్టూడియోల్లో వీడియో లైన్లకి కనిపించేది ఇదే. 50 ఓమ్స్, 75 ఓమ్స్ రెండు రకాలూ దొరుకుతాయి, ఒకదాంట్లో ఒకటి దిగుతాయి కూడా, పాడవ్వవు. 75 ఓమ్స్ దాంట్లో పిన్ను చుట్టూ తెల్ల ప్లాస్టిక్ దాదాపు ఉండదు, గుర్తుపట్టడానికి అదే గుర్తు. సిగ్నల్ ఫ్రీక్వెన్సీ 4 గిగాహెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. దీన్నే లాక్ బదులు మరతో చేస్తే టీఎన్‌సీ, అది 11 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, ఊగే బండ్లలోనూ వదులవ్వదు.

డిష్‌కి, కేబుల్ టీవీకి వాడేది ఎఫ్ కనెక్టర్. దీని ప్రత్యేకత ఏంటంటే దీనికి సొంత పిన్ను ఉండదు, కేబుల్ లోపలి రాగి తీగే పిన్ను అవుతుంది, అందుకే ఇంత చవగ్గా చెయ్యగలుగుతున్నారు, అందుకే ఆ తీగని కత్తిరించేటప్పుడు అంత జాగ్రత్త కూడా కావాలి.

హామ్ రేడియో, సీబీ రేడియో (సొంతంగా మాట్లాడుకోవడానికి జనం వాడే రేడియోలు) సెట్ల వెనకాల లావుగా కనిపించేది పీఎల్-259, అది దిగే సాకెట్ ఎస్ఓ-239. దీన్ని యూహెచ్‌ఎఫ్ (అల్ట్రా హై ఫ్రీక్వెన్సీ) కనెక్టర్ అంటారు గానీ ఆ పేరు చూసి మోసపోవద్దు, 1930ల్లో పేరు పెట్టినప్పుడు 30 మెగాహెర్ట్జ్ దాటిన ప్రతిదీ వాళ్లకి యూహెచ్‌ఎఫ్ కిందే లెక్క. దీంట్లో ఇంపెడెన్స్ నిలకడగా ఉండదు కాబట్టి హెచ్‌ఎఫ్‌లో (3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా) హాయిగా వాడుకోండి, 144 మెగాహెర్ట్జ్‌లో కూడా నడిచిపోతుంది, 430 దగ్గర మాత్రం నేనైతే ఎన్ టైపే పెడతాను.

ఎన్ టైప్ కూడా పాల్ నీల్ పేరు మీదొచ్చిందే, 1940ల నాటిది. లోపల రబ్బరు వాషర్ ఉంటుంది, వానకి తట్టుకుంటుంది, మామూలువి 11, ప్రెసిషన్ రకం 18 గిగాహెర్ట్జ్ దాకా పనిచేస్తాయి. మేడ మీద యాంటెన్నాకి ఏది పెట్టాలని అడిగితే నా సమాధానం ఇదే. ఒక్క చోట మాత్రం జాగ్రత్త పడాలి. ఎన్ టైప్‌లో 75 ఓమ్స్ రకం కూడా ఉంది, దాని పిన్ను సన్నం. 50 ఓమ్స్ మేల్‌ని (పిన్ను ఉన్నదాన్ని) 75 ఓమ్స్ ఫీమేల్‌లోకి (కన్నం ఉన్నదాంట్లోకి) తోశారంటే ఆ సన్నటి కాంటాక్ట్ విచ్చుకుపోతుంది, మళ్లీ పనికిరాదు. బీఎన్‌సీకి చెల్లిన మాట ఎన్‌కి చెల్లదు.

సెల్ టవర్ల మీద పెద్ద పవర్‌కి వాడేది 7/16 డిన్, లోపలి పిన్ను 7 మిల్లీమీటర్లు, బయటి గొట్టం లోపలి వెడల్పు 16 మిల్లీమీటర్లు, పేరు అందుకే అలా వచ్చింది. కొత్త టవర్లలో దానికన్నా చిన్నదైన 4.3-10 వాడుతున్నారు. కార్లలో రంగురంగుల ప్లాస్టిక్ తొడుగుతో ఉండేది ఫక్రా, నీలం రంగుది జీపీఎస్ కోసం.

ఇంక చిన్న సైజులో రాజు ఎస్ఎంఏ. 18 గిగాహెర్ట్జ్ దాకా 50 ఓమ్స్‌తో పనిచేస్తుంది, రేడియో మాడ్యూళ్లు, ఎస్డీఆర్ డాంగిళ్లు (కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియోలు), 4జీ రౌటర్లు, డ్రోన్లు అన్నింట్లోనూ ఉంటుంది. ఎంసీఎక్స్, ఎంఎంసీఎక్స్ అనేవి ఇంకా చిన్నవి, నొక్కితే పడతాయి. ల్యాప్‌టాప్ వైఫై కార్డు మీద గోరంత కూడా ఉండని బంగారు బొత్తాంలాంటిది యూ.ఎఫ్‌ఎల్, అది సుమారు 30 సార్లు తీసి పెట్టడానికే తయారైంది, కాబట్టి ఊరికే పీకి చూడకండి, తీసేటప్పుడు తీగ పట్టి లాగకుండా కింద నుంచి నిటారుగా పైకి లేపండి.

ల్యాబుల్లో ఇంకా పైకి వెళ్తే 3.5 ఎంఎం, 2.92 ఎంఎం, 2.4 ఎంఎం, 1.85 ఎంఎం, 1.0 ఎంఎం అని ఉంటాయి, సైజు తగ్గేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, చివరిది 110 గిగాహెర్ట్జ్. మొదటి రెండూ ఎస్ఎంఏతో కలుస్తాయి, అయితే అరిగిపోయిన చౌక ఎస్ఎంఏని వాటికి తగిలిస్తే ఖరీదైనదే పాడవుతుంది.

3. మధ్యలో పిన్నా కన్నమా, టార్చ్ వేసి చూడండి

మామూలు ఎస్ఎంఏలో మర లోపల ఉన్న నట్టు ఉంటే మేల్, దాని మధ్యలో పిన్ను ఉంటుంది. మర బయట ఉంటే ఫీమేల్, మధ్యలో కన్నం. ఆర్‌పీ-ఎస్ఎంఏలో మర అలాగే ఉంచి మధ్యలోది తారుమారు చేశారు: నట్టులో కన్నం, బయట మర ఉన్నదాంట్లో పిన్ను. అమెరికాలో లైసెన్స్ లేని వైఫై పరికరాలకి జనం పెద్ద యాంటెన్నాలు తగిలించకుండా ప్రత్యేకమైన కనెక్టర్ పెట్టాలన్న రూల్ వల్ల ఇది పుట్టుకొచ్చింది, ఇప్పుడది ఎక్కడపడితే అక్కడ దొరుకుతుంది కాబట్టి ఆపేదేమీ లేదు గానీ గందరగోళం మాత్రం మిగిలింది. ఒకే 4జీ రౌటర్ మీద వైఫై పోర్టులు ఆర్‌పీ-ఎస్ఎంఏ, సిమ్ వైపు పోర్టులు ఎస్ఎంఏ ఉంటాయి చాలాసార్లు. కన్నానికి కన్నం తగిలితే సిగ్నల్ రాదు, పిన్నుకి పిన్ను తగిలితే రెండూ గుద్దుకుని వంగిపోతాయి. ఆర్డర్ పెట్టేముందు మీ పోర్ట్ ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి, "మర బయట, మధ్యలో కన్నం" అని రాసుకోండి, మేల్ ఫీమేల్ అని రాసుకుంటే మళ్లీ తికమకే.

4. కేబుల్‌కి ఎక్కించడం

ముందు పవర్ ఆపండి. డిష్ కేబుల్‌లో సెట్ టాప్ బాక్స్ నుంచి 13 లేదా 18 వోల్టులు పైకి వెళ్తుంటాయి, కరెంట్ ఉండగా తీగకి షీల్డ్ తగిలితే షార్ట్ అవుతుంది.

ఆర్‌జీ-6 కి ఎఫ్ కనెక్టర్ ఇలా ఎక్కించాలి. కేబుల్ చివర నిటారుగా కొయ్యండి. పైతొక్క, లోపలి తెల్ల ప్లాస్టిక్ రెండూ సరైన కొలతల్లో ఒకేసారి తీసే స్ట్రిప్పర్ దొరుకుతుంది, బ్లేడుతో చేస్తే మాత్రం రాగి తీగ మీద గాటు పడకుండా చూడాలి, గాటు పడిన చోటే తర్వాత విరుగుతుంది. రాగి తీగ సుమారు 6 మిల్లీమీటర్లు, దాని వెనక అల్లిక ఉన్న భాగం ఇంకో 6 మిల్లీమీటర్లు బయటికి రావాలి. జడలా అల్లిన ఆ సన్నటి తీగల్ని పైతొక్క మీదకి వెనక్కి మడవండి, తెల్ల ప్లాస్టిక్‌కి అంటుకున్న రేకు పొర మాత్రం తియ్యొద్దు. ఇప్పుడు ఆగి వెలుతురులో పెట్టి చూడండి, వెంట్రుక మందం అల్లిక తీగ ఒక్కటి మధ్య తీగకి తగిలినా మొత్తం పని వృథా, నేను చూసిన చెడిపోయిన కనెక్షన్లలో ఎక్కువ భాగం ఈ ఒక్క తీగ వల్లే. కనెక్టర్‌ని లోపలికి తొయ్యండి, నట్టులోకి తొంగి చూస్తే తెల్ల ప్లాస్టిక్ లోపలి అడుగుతో సమంగా కనిపించాలి. అప్పుడు కంప్రెషన్ టూల్‌తో నొక్కండి. మధ్య తీగ నట్టు అంచు దాటి 2, 3 మిల్లీమీటర్లు ఉంటే చాలు.

బీఎన్‌సీ క్రింప్ రకమైతే (అంటే టూల్‌తో గట్టిగా నొక్కి బిగించేది) మొట్టమొదట చిన్న గొట్టాన్ని కేబుల్‌కి తొడగాలి, ఇది మర్చిపోతే అంతా విప్పాలి. తర్వాత పిన్నుని మధ్య తీగకి క్రింప్ చెయ్యండి, దాన్ని కనెక్టర్‌లోకి టిక్కుమనే దాకా తొయ్యండి, అల్లికని కనెక్టర్ తోక మీద పరిచి గొట్టాన్ని ముందుకి జరిపి క్రింప్ చెయ్యండి. ఆర్‌జీ-58 కి డై (క్రింప్ టూల్‌లో నొక్కే అచ్చు) సైజు 5.41 మిల్లీమీటర్లు, కట్టింగ్ ప్లయర్‌తో నొక్కితే కుదరదు, రెండు రోజులకే ఊడొస్తుంది.

పీఎల్-259 కి సాల్డరింగ్ చెయ్యాలి. ఇక్కడా అంతే, బయటి రింగు ముందే కేబుల్‌కి ఎక్కించండి. లోహం లావుగా ఉంటుంది కాబట్టి పెద్ద ఐరన్ కావాలి, చిన్నదాంతో ఎక్కువసేపు వేడిచేస్తే లోపలి ప్లాస్టిక్ కరిగిపోయి మధ్య తీగ పక్కకి జరుగుతుంది. ఆర్‌జీ-58 లాంటి సన్న కేబుల్ అయితే యూజీ-175 అనే రెడ్యూసర్ (సన్న కేబుల్ సరిపోయేలా చేసే తొడుగు) వేసుకోండి.

5. చెక్ చేసి బిగించండి

రెండు చివర్లూ దేనికీ తగిలించకుండా మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టండి. ఈ చివర పిన్ను నుంచి ఆ చివర పిన్నుకి బీప్ రావాలి, బయటి లోహం నుంచి బయటి లోహానికి రావాలి, పిన్నుకీ లోహానికీ మధ్య అస్సలు రాకూడదు. కేబుల్ చివర దగ్గర కాస్త వంచుతూ ఇంకోసారి చెక్ చెయ్యండి, వదులు అతుకులు అప్పుడే బయటపడతాయి.

బిగించేటప్పుడు నట్టు మాత్రమే తిరగాలి, కనెక్టర్ ఒళ్లు తిరగకూడదు, తిరిగితే లోపల పిన్ను సాకెట్‌ని రుద్దుకుంటూ అరిగిపోతుంది. ఒక చేత్తో కేబుల్ వైపు కదలకుండా పట్టుకుని రెండో చేత్తో నట్టు తిప్పండి. ఎస్ఎంఏకి 8 ఎంఎం స్పానర్ సరిపోతుంది, కానీ ఇత్తడి రకానికి సుమారు 0.5 న్యూటన్ మీటరే చాలు, అంటే వేళ్లతో బిగించాక స్పానర్‌తో కొద్దిగా తడితే అయిపోయినట్టే. స్పానర్ ఉంది కదా అని బలం చూపిస్తే మర తెగుతుంది.

బయట ఉండే అతుకులకి తనలో తాను అంటుకుపోయే రబ్బరు టేప్ సాగదీసి చుట్టండి, దానిమీద ఎండకి రక్షణగా పీవీసీ టేప్. చివరి పొర కింద నుంచి పైకి చుట్టాలి, పెంకులు పరిచినట్టు పై పొర కింద పొర మీదికి రావాలి, అప్పుడు వాన నీళ్లు జారిపోతాయి. కేబుల్ ఇంట్లోకి వచ్చే ముందు కిందికి ఒక వంపు వదలండి, నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లుబొట్లుగా రాలిపోతాయి. ట్రాన్స్‌మిటర్ అయితే ఇదంతా పూర్తై యాంటెన్నా తగిలించాకే ఆన్ చెయ్యండి, డ్రోన్ల వీడియో ట్రాన్స్‌మిటర్లు యాంటెన్నా లేకుండా ఆన్ చేస్తే నిమిషాల్లో కాలిపోగలవు.