కోసిన పది పర్సెంట్ వెనక్కి తెచ్చుకోవడం ఎలా: సినిమా ఆర్టిస్టుల కోసం

"మనకంత ఇన్‌కమ్ ఎక్కడిది, రిటర్న్ ఎందుకు" అని కోరస్ పాడే మా బ్యాచ్‌లో అందరం అనుకునేవాళ్లం. 60 వేలకి మాట్లాడుకుంటే పది పర్సెంట్ టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేవాళ్లే ముందుగా కోసి మన పేరు మీద కట్టే ట్యాక్స్, పోయి అకౌంట్లో 54 వేలు పడేవి, ఆ ఆరువేలు ట్యాక్స్‌కి పోయాయిలే అని వదిలేసేదాన్ని. పోలేదండీ, అవి నా పాన్ మీదే ఉన్నాయి, అడక్కపోవడమే నా తప్పు. మార్చితో ముగిసిన ఏడాదికి ఆ వచ్చే డిసెంబర్ 31 దాటితే మామూలు దారిలో రీఫండ్ రాదు కాబట్టి మీరు నాలా నానబెట్టకండి.

ఇదంతా 2025-26 సంపాదన లెక్క. 2026 ఏప్రిల్ నుంచి కొత్త చట్టం వచ్చి సెక్షన్ నంబర్లు మారాయి, నేను పాత నంబర్లే చెప్తున్నా.

ముందు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో 26ఏఎస్, అంటే మీ పాన్ మీద ఎవరెంత కోసి కట్టారో చూపించే స్టేట్‌మెంట్, తియ్యండి, జూన్ సగం దాటాక తియ్యండి, ఎందుకంటే జనవరి నుంచి మార్చి దాకా కోసిన టీడీఎస్‌కి డబ్బు ఇచ్చినవాళ్లు మే 31 దాకా లెక్క ఇవ్వొచ్చు, ముందే చూస్తే అవి కనపడక కంగారు పడతాం. పక్కన మీ బ్యాంక్ స్టేట్‌మెంట్ పెట్టుకుని ఒక్కో పేమెంట్ టిక్ కొట్టుకుంటూ రండి. ఓసారి నాకు ఒక ప్రొడక్షన్ ఆఫీస్ కోత అసలు కనపడలేదు, అడిగితే పాన్‌లో ఒక అక్షరం తప్పు కొట్టారట! వాళ్ల అకౌంటెంట్‌కి నెలంతా ఫోన్లు చేస్తే అప్పుడు సరిచేశారు. అది వాళ్లే చెయ్యాలి, మనం చెయ్యలేం.

తర్వాత 44ఏడీఏ అనే సెక్షన్. సింగర్, లిరిసిస్ట్, ఎడిటర్, కెమెరామెన్, డైలాగ్ రైటర్, డ్యాన్స్ మాస్టర్, డ్రెస్ డిజైనర్, వీళ్లంతా సినిమాకి పనిచేస్తే ఇందులోకి వస్తారు. ఏడాదికి వచ్చిన మొత్తంలో సగం ఇన్‌కమ్‌గా చూపిస్తే చాలు, బిల్లులు దాచక్కర్లేదు. ఏడాదికి వచ్చిన మొత్తం మీద లిమిట్ 50 లక్షలు, క్యాష్ 5 శాతం దాటకపోతే 75 లక్షలు. కానీ మైకు కొన్నాను, ఆటోలకి ఇంత అయింది అని మళ్లీ విడిగా తగ్గించుకోవడం కుదరదు, ఆ సగంలోనే అన్నీ అయిపోయినట్టు.

లెక్క చూడండి. 6 లక్షలు వచ్చాయి, 60 వేలు కోశారు. సగం అంటే 3 లక్షలు, కొత్త రెజీమ్‌లో 4 లక్షల దాకా ట్యాక్సే లేదు, అంటే వేరే ఆదాయం లేకపోతే 60 వేలూ మీవే. అలా చూపించిన ఇన్‌కమ్ 12 లక్షల దాకా ఉన్నా రిబేట్‌తో, అంటే ట్యాక్స్‌లో ఇచ్చే తగ్గింపుతో, ట్యాక్స్ సున్నా అవుతుంది. ఇంకోటి, టీడీఎస్ మొత్తం 25 వేలు గానీ ఆపైన గానీ ఉంటే ట్యాక్స్ లేకపోయినా రిటర్న్ వెయ్యాల్సిందే.

ఫామ్ ఐటీఆర్ 4. ఐటీఆర్ 1 ఈజీగా ఉందని అందులో వేసేస్తుంటారు, అది జీతగాళ్లది, మనది కాదు. పెళ్లిళ్లలో పాడితే క్యాష్ ఇస్తారు కదా, అదీ కలపాలి.

పెయింటర్లు, సినిమాకి సంబంధం లేకుండా స్టేజి మీద మాత్రమే చేసే డ్యాన్సర్లు జాగ్రత్త, 44ఏడీఏ లిస్టులో మీ పని లేదు. నిజమైన ఖర్చులు రాసుకుని ఐటీఆర్ 3 వెయ్యడం సేఫ్, రంగులు, కాన్వాస్, కాస్ట్యూమ్ బిల్లులు దాచండి, మొదటిసారైతే సీఏకి చూపించండి.

జీఎస్టీ గురించి భయపడేవాళ్లకి, ఏడాదికి 20 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ మాట సాధారణంగా రాదు. శాస్త్రీయ, జానపద సంగీతం, నాట్యం, నాటకం ప్రోగ్రామ్‌కి లక్షన్నర లోపు తీసుకుంటే దాని మీద జీఎస్టీ కూడా లేదు, బ్రాండ్ అంబాసిడర్‌గా చేస్తే తప్ప.

సబ్మిట్ కొట్టే ముందు బ్యాంక్ అకౌంట్ పోర్టల్‌లో వాలిడేట్ అయిందో లేదో చూసుకోండి, లేకపోతే రీఫండ్ ఆగిపోతుంది. సబ్మిట్ కొట్టాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చెయ్యాలి. మా ఫ్రెండ్ ఒకడు అంతా చేసి ఓటీపీ దగ్గర "రేపు చేద్దాంలే" అని ల్యాప్‌టాప్ మూసేశాడు, అక్టోబర్‌లో రీఫండ్ ఏదని నన్ను అడిగాడు.