పాత పెళ్లి క్యాసెట్ లుక్ ఎలా తేవాలి? రంగు దగ్గర తొందరపడకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు ఎక్కడ చూసినా పెళ్లి రీల్స్‌కి పాత క్యాసెట్ లుక్ కావాలంటున్నారు. ఎడిటర్లేమో నెట్‌లో దొరికిన గీతల ఓవర్‌లే పైన పరిచి, మూలన తేదీ వేసి పంపేస్తున్నారు. ఆ గీతలు టేపు నలిగితే, టేపును చదివే హెడ్ మురికిపడితే వచ్చేవి. బీరువాలో భద్రంగా దాచుకున్న పెళ్లి క్యాసెట్ అలా ఉండదు. పాతదనం కనిపించేది కదలికలో, రంగులో.

సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే. నేను వాడేది డావిన్చీ రిజాల్వ్, ఉచితంగా వచ్చేదే. క్లిప్పులు వేయకముందే టైమ్‌లైన్ 1440×1080 (పాత టీవీ 4:3 ఆకారం), ఫ్రేమ్ రేటు సెకనుకు 50 పెట్టండి. షూటింగూ 50లోనే, షటర్ 1/50. మన దగ్గర వాడిన పాల్ (PAL) టీవీ పద్ధతి క్యామ్‌కార్డర్లు సెకనుకు 25 ఫ్రేములే తీసినా, ఒక్కో ఫ్రేమునూ రెండు ఫీల్డులుగా, అంటే ఒకదాని తర్వాత ఒకటి వచ్చే రెండు సగాలుగా ఇచ్చేవి. ఆ 50 ఫీల్డుల వల్లే కదలిక అంత నునుపు. 24లో తీసిన ఫుటేజీతో ఈ పని మొదలుపెట్టొద్దు. పోర్ట్రెయిట్ బ్లర్ కూడా వద్దు. చిన్న సెన్సర్ కాబట్టి వెనకున్న షామియానా కూడా స్పష్టంగానే పడేది.

ఇప్పుడు రంగు. అందరూ పాడుచేసేది ఇక్కడే.

వీహెచ్ఎస్ టేపు, అంటే ఆ పాత వీడియో క్యాసెట్, వెలుగునీడల వివరాన్ని అడ్డంగా సుమారు 240 గీతల దాకా పట్టేది (ఇక్కడ గీతలంటే స్పష్టతకు కొలత). రంగుకి 40 గీతలు దక్కితే గొప్ప. అందుకే ముఖం గుర్తుపట్టేలా ఉన్నా, చీర ఎరుపు అంచు దాటి పక్కకు పాకేది. మొత్తం బొమ్మకి బ్లర్ కొడితే ఇది రాదు, ఫోకస్ తప్పినట్టు ఉంటుంది.

ముందుగా తేదీ వేయండి, తెల్ల అక్షరాలే. అప్పట్లో తేదీ బొమ్మతోపాటే టేపులోకి ఎక్కేది, కాబట్టి దానికీ ఈ మెత్తదనం పట్టాలి. చివర్లో వేస్తే అతికించినట్టు మెరుస్తుంది. క్లిప్పునీ తేదీనీ కలిపి కాంపౌండ్ క్లిప్ చేసి, దాని కాపీ పై ట్రాక్‌లో పెట్టండి. పై కాపీకి కాంపోజిట్ మోడ్ 'కలర్' పెట్టండి, అప్పుడు దాన్నుంచి రంగు మాత్రమే వస్తుంది, వెలుగునీడలు కింది కాపీవే. ఆ కాపీకే అడ్డంగా మాత్రమే 20 నుంచి 30 పిక్సెళ్ల బ్లర్ ఇచ్చి, 8 పిక్సెళ్లు కుడికి జరపండి. నిలువు బ్లర్ సున్నా. కింది కాపీకి అడ్డంగా 4 పిక్సెళ్లు చాలు, ఆపైన కొంచెం షార్పెన్. అంచుల వెంట సన్నని తెల్లగీత తేలాలి, ఆ కెమెరాలు అలాగే చేసేవి.

సరిపోయిందో లేదో నుదుటి కుంకుమ దగ్గర చూడండి. ఎరుపు కుడివైపు కాస్త ఒలకాలి, బొట్టు ఆకారం మాత్రం చెదరకూడదు. ఆకారం పోయిందంటే కింది కాపీకి బ్లర్ ఎక్కువైనట్టు. చేయి కుదిరేదాకా రొట్టెల పండుగలో నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర తీసినలాంటి క్లిప్ మీద సాధన చేయండి. రంగురంగుల బట్టలు, కదిలే నీళ్లు, రెండూ ఒకేచోట దొరుకుతాయి.

ఫ్రేము అడుగున వణికే పట్టీ కొందరికి ఇష్టం. నేను వేయను. పాత టీవీలు అంచులను కోసేసేవి, ఆ పట్టీ ఇంట్లో ఎవరికీ కనబడేది కాదు. మైపాడు బీచ్‌లో సూర్యోదయం తీసుంటే మాత్రం సూర్యుడి మీదుగా ఒక నిలువు వెలుగు గీత గీయండి. ఆ కెమెరాల్లో ఉండే సీసీడీ రకం సెన్సర్లకు అది సహజం.

ఎక్స్‌పోర్ట్ 1080లోనే, 50 ఫ్రేములతో. 720 కంటే తగ్గిస్తే యూట్యూబ్ ఆ 50ని ఉంచదు.