ట్రిప్ సర్క్యులర్ మీద సంతకం పెట్టే ముందు

దసరా సెలవులయ్యాక బెంగళూరు స్కూళ్ళలో ట్రిప్ సర్క్యులర్లు మొదలవుతాయి. చిన్న క్లాసులకి బన్నేరుఘట్ట, పెద్ద క్లాసులకి రామనగర గుట్టలు, సావనదుర్గ, కావేరి ఒడ్డున భీమేశ్వరి. ఫీజు గట్టిగా తీసుకునే స్కూళ్ళయితే కూర్గ్, చిక్కమగళూరు. పెద్ద క్లాసుల ట్రిప్పంటే తాడు కట్టి బండలెక్కించడం, తాడుకి వేలాడుతూ జారే జిప్ లైన్ లాంటి ఆటలు కూడా. ఫిబ్రవరి దాకా ఇదే సీజన్. ఇంట్లో ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ, ఫిట్స్, వినికిడి లోపం ఉన్న పిల్లలుంటే ఆ కాగితం సంతకం లేకుండా ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోతుంది.

నేను ఇక్కడ స్పెషల్ ఎడ్యుకేటర్‌ని. కె.ఆర్.పురం, మారతహళ్ళి వైపు మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ నెలల్లో నాకు వచ్చే ఫోన్లన్నీ ఇంచుమించు ఒకటే. "మేడమ్, తాడు తెగితే?" తాడు అంత తేలిగ్గా తెగదండీ. నా భయమంతా మిగతా వాటి మీద: బస్సు దిగే తొందర, దొరకని టాయిలెట్, గంటసేపు లైన్లో నిలబడటం, మర్చిపోయిన రాత్రి మాత్ర. ముందుగా ఆలోచించాల్సింది వీటి గురించే.

చట్టం సంగతి ముందే చెప్పేస్తాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షన్, గుర్తింపు పొందిన స్కూళ్ళు చదువుతో పాటు ఆటల్లో, వినోద కార్యక్రమాల్లో ఈ పిల్లలకి మిగతా వాళ్ళతో సమానంగా అవకాశమివ్వాలని చెబుతుంది. కాబట్టి "మీ బాబుకి రిస్క్ అండీ, ఆ రెండు రోజులు ఇంట్లోనే ఉంచండి" అంటే తలూపి వచ్చేయకండి. ఏ రిస్కో, దానికి ఏం చేయగలరో కాగితం మీద రాసి ఇమ్మనండి. "తల్లి తోడొస్తేనే తీసుకెళ్తాం" అనే షరతు కూడా నాకు నచ్చదు. ఎనిమిదో క్లాసు కుర్రాడి పక్కన అమ్మ కూర్చుంటే వాడికి అది ట్రిప్పే కాదు. వాడికి అలవాటైన షాడో టీచరో (క్లాసులో పక్కనే ఉండి సాయం చేసే టీచర్), ఆయమ్మో చాలు. నిజంగా తల్లే తప్ప ఇంకెవరూ చేయలేని పని ఉంటే, వేరే బస్సులో వెళ్ళి కాస్త దూరంగా ఉండండి.

మాత్రలు, ఫిట్స్

బస్సు తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరుతుంది, ఇంట్లో మాత్ర వేసేది ఎనిమిదింటికి. ఆ ఎనిమిదింటికి బస్సు ఎక్కడో టిఫిన్‌కి ఆగి ఉంటుంది, దించి ఎక్కించే హడావిడిలో మాత్ర ఎవరికీ గుర్తుండదు. అందుకే మందులు టీచర్ బ్యాగులో, టీచర్ ఫోన్లో అలారం. రెండో సెట్టు ఇంకో బస్సులో ఇంకొకరి దగ్గర. విడి మాత్రలు పొట్లం కట్టి ఇవ్వొద్దు. పేరు కనిపించే స్ట్రిప్పు, డాక్టర్ చీటీ కలిపి ఇవ్వండి.

ఫిట్స్ ఉన్న పిల్లలకి డాక్టర్లు ఇప్పుడు మిడజోలామ్ ముక్కు స్ప్రే రాసిస్తున్నారు. అది బ్యాగులో ఉన్నంత మాత్రాన సరిపోదు, కొట్టే మనిషి కావాలి. ఎవరు కొడతారు, వాళ్ళు లేకపోతే ఇంకెవరు, ఎన్ని నిమిషాలకి, ఎన్నిసార్లు? పిల్లవాడి బరువును బట్టి డాక్టర్‌తోనే రాయించి, ఆ టీచర్ చేతికి సీసా ఇచ్చి ఒకసారి పట్టుకోనివ్వండి. భయం సగం అక్కడే పోతుంది. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, చుట్టూ ఉన్న రాళ్ళు తీసేయాలి, టైమ్ చూసుకోవాలి. నోట్లో స్పూన్ గానీ నీళ్ళు గానీ పెట్టకూడదు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మనవాళ్ళకి ఇంకా పోలేదు. వాటివల్ల ఏమీ జరగదు, టైమ్ పోతుంది. ఐదు నిమిషాలు దాటినా, ఒకటి తగ్గి తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరాలి.

నిద్ర చాలకపోవడం, మాత్ర తప్పడం ఫిట్స్‌ని పిలిచినట్టే. క్యాంప్‌ఫైర్ అర్ధరాత్రి దాకా సాగుతుంది. మీ పిల్ల మాత్రం రోజూ పడుకునే టైముకి పడుకోవాలని ముందే రాసివ్వండి. అంత్యాక్షరి సగంలో లేపారని అలుగుతుంది, అలగనివ్వండి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఫిట్స్‌కి వాడే టోపిరమేట్, జోనిసమైడ్, కండరాల బిగుతుకి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, చొంగ తగ్గడానికి ఇచ్చే గ్లైకోపైరోలేట్ లాంటి మందులు చెమట పట్టడాన్ని తగ్గిస్తాయి. డిసెంబరులో పొద్దున్న స్వెట్టర్ వేసుకునే చలి ఉన్నా, మధ్యాహ్నం రామనగర బండల మీద ఎండ ఎండే. మొహం ఎర్రబడి, ఒళ్ళు వేడిగా, పొడిగా ఉంటే వెంటనే నీడకి చేర్చి తడి గుడ్డతో తుడవాలి. చెమట పట్టలేదు కదా, బాగానే ఉన్నాడని టీచర్ అనుకుంటుంది. అలా అనుకోవద్దని ఆమెకి ముందే చెప్పాలి. ప్రయాణంలో వాంతులు కాకుండా మెడికల్ షాపులో మాత్ర కొనివ్వడం కూడా, పిల్లలకి వేరే మందులు నడుస్తుంటే, డాక్టర్‌ని అడగకుండా వద్దు.

ఒళ్ళు, మెడ, చెవి

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. ట్రాంపోలిన్, పల్టీలు, పెద్ద బంతిలో దొర్లించే ఆట, చివర్లో గట్టిగా ఆగే జిప్ లైన్ ఇవన్నీ మెడని కుదిపేవే. పాత ఎక్స్‌రే బాగుందని ధీమా వద్దు. మెడ నొప్పి అంటున్నాడా, తల ఒకవైపుకి వాల్చుతున్నాడా, నడక మారిందా, చేతిలో పట్టు తగ్గిందా, మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైందా అని చూడండి. వీటిలో ఏది కనిపించినా ట్రిప్ ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. గుండెలో లోపం ఉన్న పిల్లలైతే ఎంత ఎత్తు ఎక్కొచ్చో కార్డియాలజిస్ట్‌తో రాయించుకోండి.

నడుము కింద స్పర్శ తెలియని పిల్లలకి, అంటే స్పైనా బిఫిడా (పుట్టుకతోనే వెన్నెముక సరిగా మూసుకోకపోవడం) లాంటి వాటిలో, హార్నెస్ (తాడు తగిలించడానికి ఒంటికి కట్టే పట్టీలు) తొడ దగ్గర ఒరుసుకుపోయినా, కూర్చున్న బండ కాలుతున్నా తెలియదు. కింద మందపాటి దుప్పటి మడత పెట్టాలి, దించగానే చర్మం చూడాలి. వీళ్ళలో చాలామందికి రబ్బరు లేటెక్స్ పడదు. ఫస్ట్ ఎయిడ్ పెట్టెలో గ్లవ్స్ ఏవో అడగండి, బెలూన్ల ఆట వద్దనండి. నడుము నిలవని పిల్లలకి నడుముకి మాత్రమే కట్టే హార్నెస్ కుదరదు. ఛాతీ కూడా పట్టి ఉంచేది కావాలి. అది లేదంటే ఆ ఆట ఆ రోజుకి లేదు.

చెవి మిషన్ ఉన్న పిల్లలకి తాడు మీద ఉన్నప్పుడు "స్టాప్" అన్న కేక అందదు. హెల్మెట్ కోసం మిషన్ తీసేస్తే అసలే వినపడదు. ఎక్కక ముందే నేల మీద చేతి సైగలు ఖాయం చేసుకోవాలి. ఆగు, వదులు, కిందికి చూడకు, ఈ మూడూ చాలు. రాత్రయితే టార్చి మొహం మీద కాకుండా సైగ చేసే చేతి మీద వేయాలి. అదనపు బ్యాటరీలు, తేమ లాగే డబ్బా మర్చిపోకండి.

హార్నెస్‌తో ముందే పరిచయం

ఆటిజం ఉన్న పిల్లల విషయంలో నేను ఎక్కువ టైమ్ పెట్టేది ఇక్కడే. క్యాంప్ వాళ్ళని బతిమాలో, బెదిరించో ఒక హార్నెస్, ఒక హెల్మెట్ పదిహేను రోజుల ముందే స్కూలుకి తెప్పిస్తాను. ఒక కుర్రాడి సంగతి చెబుతాను. వాడికి జీన్స్ పడదు, చొక్కా వెనక లేబుల్ పడదు. "మేడమ్, వీడు ఇది కట్టించుకుంటాడా?" అని వాళ్ళమ్మ నవ్వేసింది. మొదటి రోజు హార్నెస్ బల్ల మీద పెట్టి వదిలేశాం. వాడు బకిల్ పట్టుకుని నొక్కాడు, టక్ మంది. మళ్ళీ నొక్కాడు. పీరియడ్ అంతా టక్, టక్. రెండో రోజు నడుముకి మాత్రం. తొడ పట్టీలు చూపిస్తే విసిరికొట్టాడు, అక్కడితో ఆపేశాం. తర్వాత మెత్తటి ట్రాక్ ప్యాంట్ మీద, వాడి చేత్తోనే వాడే బిగించుకుంటే ఒప్పుకున్నాడు. గుట్ట దగ్గర ఇన్‌స్ట్రక్టర్ కట్టబోతే చెయ్యి తోసేశాడు. తనే కట్టుకున్నాక ఆయన సరిచూశాడు. ఆ ఒక్క వివరం ముందుగా తెలియకపోతే వాడు ఆ రోజంతా బస్సులోనే కూర్చునేవాడు.

లైన్ సంగతి కూడా మాట్లాడి పెట్టుకోండి. నలభై మంది పిల్లలకి ఒకే జిప్ లైన్ ఉంటే ఆఖరి వాడి వంతు ఎప్పటికొస్తుంది? ఎండ, అరుపులు, తోపులాట. మెల్ట్‌డౌన్, అంటే తట్టుకోలేక అదుపు తప్పి అరవడం, ఏడవడం, వచ్చేది ఎత్తు చూసి అనుకుంటారు, చాలాసార్లు ఆ లైన్లో నిలబడలేకే వస్తుంది. మన పిల్లవాడిని మూడో వాడిగా పంపమనండి. ఇద్దరు వెళ్ళడం చూస్తాడు, వెంటనే తన వంతు వచ్చేస్తుంది.

చెప్పకుండా పరుగెత్తే అలవాటున్న పిల్లలకి ముదురు నారింజ రంగు టీషర్ట్ వేయండి, ఆ పొద్దున్నే ఆ బట్టల్లో ఫోటో తీసి టీచర్‌కి పంపండి. ఫోన్ నంబర్ చొక్కా లోపలి వైపు కుట్టండి. పేరు బయటికి కనిపించేలా వద్దు, దారిన పోయే ఎవరైనా పేరు పెట్టి పిలవగలరు. ఇంట్లో తెలుగే వినే పిల్లలు కంగారులో ఇంగ్లీషుకీ కన్నడకీ స్పందించరు. ఆగు, రా, నొప్పి, నీళ్ళు, బాత్రూమ్ అన్న మాటల్ని కన్నడ లిపిలో ఒక కార్డు మీద రాసి ఇన్‌స్ట్రక్టర్ జేబులో పెట్టండి.

నీళ్ళు, తేనెటీగలు, పిడుదులు

2014 జూన్‌లో హైదరాబాద్ నుంచి వెళ్ళిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు బియాస్ నదిలో కొట్టుకుపోవడం మనవాళ్ళెవరూ మర్చిపోలేదు. పైన డ్యామ్ నుంచి నీళ్ళు వదిలారు, ఒడ్డున ఉన్నవాళ్ళకి తప్పుకునే వ్యవధి లేదు. 2024 డిసెంబరులో కోలార్ జిల్లా నుంచి విహారయాత్రకి వెళ్ళిన నలుగురు అమ్మాయిలు మురుడేశ్వర్ తీరంలో మునిగిపోయారు. స్కూల్ ట్రిప్‌లో నదిలోకి, సముద్రంలోకి మోకాలి లోతు కూడా దిగకూడదన్నది నా అభిప్రాయం, అదీ ఏ పిల్లలకైనా. కయాక్ (తెడ్డుతో నడిపే చిన్న పడవ) ఉంటే లైఫ్ జాకెట్ పిల్లవాడి బరువుకి సరిపోవాలి, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉండాలి. లేకపోతే ఒళ్ళు వదులుగా ఉండే పిల్లలు జాకెట్‌లోంచి జారిపోతారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళు జాకెట్ ఉన్నా బోర్లా తిరగొచ్చు. అందుకని ముందు స్విమ్మింగ్ పూల్‌లో వేసి చూడాలి. ఫిట్స్ ఉన్నవాళ్ళ పక్కన, చెయ్యి చాపితే అందే దూరంలో, ఒక పెద్ద మనిషి ఉండాల్సిందే.

రామనగర వైపు కొండ చరియలకి పెద్ద తేనెపట్లు వేలాడుతుంటాయి. సెంటు, పొగ, విసిరిన రాయి, వీటిలో ఏదైనా చాలు. దాడి చేస్తే మొహం కప్పుకుని బస్సులోకి పరుగెత్తాలి. మరి పరుగెత్తలేని పిల్ల? ఆమెని ఎవరు ఎత్తుకుంటారో, కప్పడానికి దుప్పటి ఎవరి భుజాన ఉందో గుట్ట ఎక్కక ముందే తేలాలి. ఆ క్షణంలో ఎవరి ప్రాణం వాళ్ళది అవుతుంది, తప్పు పట్టలేం.

శివమొగ్గ వైపు అడవికైతే క్యాసనూర్ ఫారెస్ట్ డిసీజ్ గుర్తుపెట్టుకోండి. 1957లో అక్కడే మొదట గుర్తించిన ఈ జ్వరం అడవి పిడుదుల (టిక్స్) కాటు వల్ల వస్తుంది, డిసెంబరు నుంచి మే దాకా దాని కాలం. దురద పుడుతోందని చెప్పలేని పిల్లలకి సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చెవి వెనక, చంకల్లో, గజ్జల్లో చూడాలి. పిడుదు కనిపిస్తే ట్వీజర్‌తో చర్మం దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి. ట్రిప్ నుంచి వచ్చాక జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చిన సంగతి డాక్టర్‌కి చెప్పండి.

టాయిలెట్ ఎక్కడ?

అరుణిమ సిన్హా 2013లో కృత్రిమ కాలితో ఎవరెస్ట్ ఎక్కింది. స్కూల్ అసెంబ్లీలో ఆ కథ చెప్పడం తేలిక. దారిలో బస్సు ఆపే చోట వెస్టర్న్ టాయిలెట్ ఉందా అంటే మాత్రం ఎవరూ పలకరు. గొంతుకూర్చోలేని పిల్లలకి మడత కమోడ్ స్టూలు బస్సులో వేయించండి. అవసరానికి తోడు వెళ్ళేది ఫలానా ఇద్దరే అని పిల్లకి ఫోటోలతో చూపించండి, ఇంకెవరు తీసుకెళ్ళబోయినా వద్దనాలని నేర్పండి. నెలసరి వచ్చే వయసు అమ్మాయికి ఆ సామానుతో పాటు ఒక జత బట్టలు కూడా అదనం.

నిర్వాహకులని అడగాల్సినవి కొన్నే. ఇన్‌స్ట్రక్టర్లు శిక్షణ ఎక్కడ తీసుకున్నారు? ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ లాంటి చోట కోర్సు చేసినవాళ్ళయితే సర్టిఫికెట్ చూపిస్తారు. దగ్గర్లో రాత్రి కూడా తెరిచి ఉండే ఆసుపత్రి ఏది? అక్కడ ఫోన్ సిగ్నల్ ఉందా? పిల్లల్ని దించి బస్సు వెళ్ళిపోతుందా, అక్కడే ఉంటుందా? 108 గుట్ట కిందికి వచ్చేలోపు సొంత బండిలో ఆసుపత్రికి చేరొచ్చు కాబట్టి, డ్రైవర్‌తో సహా బండి అక్కడే ఉండాలి. వీటికి "అన్నీ చూసుకుంటాం మేడమ్" అన్న జవాబొస్తే, ఆ సంస్థ వద్దని స్కూలుకి చెప్పండి.

తిరిగొచ్చిన రాత్రి స్నానం అయ్యాక పట్టీలు తగిలిన చోట చర్మం ఇంకా ఎర్రగా ఉందేమో చూడండి. చెవి మిషన్ ఆరబెట్టండి. మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి, తక్కువ వేశారా ఎక్కువ వేశారా తెలిసిపోతుంది. ఫిట్స్ ఉన్న పిల్లలైతే మర్నాడు స్కూలు మాన్పించి కడుపునిండా నిద్రపోనివ్వండి. హోంవర్క్ అడిగితే టీచర్‌కి నేను చెప్పానని చెప్పండి.